నెత్తుట్లో మొగ్గలు

ల్యాబులో రక్తపు సీసాలు పెట్టే యంత్రం పొద్దున ఏడుంపావుకు కూసింది.

అది కూయడం వింతేమీ కాదు. జ్వరంతో ఉన్న రోగి నెత్తురు తీసి, క్రిములకు తిండి ఉన్న సీసాలో కలిపి ఆ యంత్రంలో పెడతారు. నెత్తుట్లో ఏ క్రిమైనా నక్కి ఉంటే సీసాలోని తిండి తిని పెరుగుతుంది, గాలి వదులుతుంది. యంత్రం ఆ గాలిని పసిగట్టి కూస్తుంది. ఇరవై రెండేళ్లుగా వింటున్న ఆ కూత చిట్టికి పక్కింటి కుక్క అరుపంత మామూలైపోయింది. చేతులకు తొడుగులు వేసుకుని, తలుపు తీసి, సీసా బయటికి లాగి చీటీ చదివింది.

అది అన్నయ్య సీసా.

చిట్టి అన్నది ఇంటి పిలుపు. నలభై ఆరేళ్లు నిండినా, జుట్టు సగం నెరిసినా అన్నయ్యకూ వదినకూ ఆమె ఇంకా చిట్టే. ఆస్పత్రిలో మాత్రం ల్యాబు మేడమ్. క్రిముల విషయంలో అక్కడ ఆమె మాటకు తిరుగులేదు. ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరికి తుమ్మొచ్చినా, ఎవరి కడుపు గడబిడ చేసినా ముందు చిట్టికి ఫోను, ఆ తర్వాతే డాక్టరు.

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మూడు రోజులపాటు కడుపునొప్పిని "గ్యాసే" అని కొట్టిపారేసి, నాలుగో రోజు ఒక తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు తలుపు ముందే కూలబడ్డాడు. అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకింది. చిట్టి పనిచేసే ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేశారు. పేగులకు విశ్రాంతి కావాలని, మెడ దగ్గర పెద్ద నరంలోకి సన్నటి గొట్టం పెట్టి పోషకాలూ గట్టి యాంటీబయాటిక్‌లూ అందులోంచే ఎక్కించారు. నోటికి గుక్కెడు నీళ్లు మాత్రం ఇవ్వొచ్చన్నారు. మందులు చీము పట్టించిన క్రిములను చంపాయి. వాటితోపాటు పేగుల్లో ఏళ్ల తరబడి కాపురమున్న మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చిపారేశాయి. ఆరో రోజు నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు పది, పన్నెండు.

అప్పుడు చిట్టి రంగంలోకి దిగింది. కింద మందుల షాపులో చిన్న చిన్న పొడి ప్యాకెట్లు కొని వదిన చేతిలో పెట్టింది.

"ఇది ప్రోబయాటిక్ వదినా. మనకు మేలు చేసే క్రిములు, ప్రాణంతో ఉంటాయి. ఇందులో ఉన్నది ఒకరకం ఈస్ట్. యాంటీబయాటిక్ దీన్ని ఏమీ చేయలేదు. రోజుకు రెండు ప్యాకెట్లు నీళ్లలో కలిపి తాగించు. మంచివాళ్లు పేగులో బైఠాయిస్తే చెడ్డవాళ్లకి చోటుండదు."

"డాక్టరమ్మని ఒక మాట అడగాలేమో?" అంది వదిన.

"పెరుగు తినడానికి డాక్టర్ని అడుగుతామా? ఇదీ అంతే."

తొమ్మిదో రోజు సాయంత్రం అన్నయ్యకు చలిజ్వరం వచ్చింది. మంచం కిర్రుకిర్రుమనేలా వణికాడు. డ్యూటీ డాక్టరు నెత్తురు తీసి ల్యాబుకు పంపాడు. చిట్టి చేతిలో ఉన్నది ఆ సీసానే.

చుక్క తీసి గాజు పలక మీద పూసింది, రంగు వేసింది, కడిగింది, ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టింది. బ్యాక్టీరియా అయితే సన్నటి చుక్కలుగానో పుల్లలుగానో కనబడాలి. ఇవి వాటికన్నా చాలా పెద్దవి. ఊదారంగులో, కోడిగుడ్ల ఆకారంలో, గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒక్కో గుడ్డు పక్కన చిన్న మొగ్గ. పిల్ల కణం తల్లిని అంటిపెట్టుకుని పెరుగుతోందన్నమాట.

అది ఈస్ట్. నెత్తుట్లో ఈస్ట్ ఉందంటే ఆషామాషీ వ్యవహారం కాదు. చిట్టి వెంటనే వార్డుకు ఫోను చేసింది. పేగుల డాక్టరమ్మ నిమిషాల్లో ఫంగస్ మందు మొదలుపెట్టించింది. ఒంట్లో సత్తువ తగ్గిన రోగులకు మామూలుగా పట్టే ఫంగస్ ఒకటుంది. అదే అయి ఉంటుందని అందరూ అనుకున్నారు. చిట్టి కూడా అదే అనుకుంది. తను కొనిచ్చిన ప్యాకెట్ల సంగతి ఆమె తలపుకే రాలేదు. మంచి క్రిములు ఆమె బుర్రలో ఒక అరలో ఉన్నాయి, రోగాలు మరో అరలో.

మర్నాటికి, ఆ నెత్తురు పూసి పెంచిన గాజు పళ్లెంలో తెల్లటి, మెత్తటి చుక్కలు మొలిచాయి. పుల్లతో ఒక చుక్కను తాకి, క్రిమి పేరు చెప్పే యంత్రంలో పెట్టింది. తెర మీద పేరు వచ్చింది.

సాక్రోమైసెస్.

ఇదేమిటి? రొట్టెల పిండిని పొంగించే జాతి ఇది. మనిషి నెత్తుట్లో దీనికేం పని? పుల్ల మారిందేమోనని ఇంకో చుక్క తీసి పెట్టింది. అదే పేరు. మూడోసారి పెట్టింది. అదే పేరు.

అప్పుడు గుర్తొచ్చింది. ప్యాకెట్ మీద, పచ్చటి ఆకు బొమ్మ కింద, చిన్న అక్షరాల్లో ఉన్న పేరు అదే.

చిట్టికి పైప్రాణాలు పైనే పోయాయి. కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపింది. కుర్చీ లేదు. గోడకు ఆనుకుని అలాగే నిలబడింది. పక్క బల్ల దగ్గరున్న సహాయకురాలు "మేడమ్, ఏమైంది? మీ ముఖంలో నెత్తురు చుక్క లేదు" అంది. చిట్టి తలుపు తోసుకుని మూడంతస్తుల మెట్లు పరుగున ఎక్కింది. తాగించింది కడుపులోకి కదా, నెత్తుట్లోకి ఎలా వెళ్లింది? మెట్టు మెట్టుకీ అదే ప్రశ్న.

వార్డు గుమ్మంలోనే జవాబు దొరికింది.

వదిన దర్జీ పని చేస్తుంది. దారం తెంపినట్టే ప్యాకెట్ మూల పంటితో పుటుక్కున తెంపింది. గ్లాసులో పోసి, అడుగున మిగిలింది కూడా వృథా కాకూడదని వేలితో టపటపా కొట్టింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో తెల్లటి పొడి పొగలా లేచి, దుప్పటి మీదా దిండు మీదా వాలింది. వదిన వేళ్లు దులుపుకుని, అన్నయ్య మెడ దగ్గర ఊడివస్తున్న ప్లాస్టరును అవే వేళ్లతో ప్రేమగా అదిమింది. ఆ ప్లాస్టరు కిందే ఉంది గొట్టం. ఆ గొట్టం చివర గుండెకు దగ్గర్లో ఉంది.

"వదినా! ముట్టుకోకు!"

వార్డంతా తిరిగి చూసింది. వదిన చేతిలో గ్లాసు జారి నేల మీద పడింది.

"ఏంటి చిట్టీ, అంత కేక? గుండె ఆగినంత పనైంది నాకు!"

చిట్టి వదిన చెయ్యి పట్టి కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, చిన్నపిల్లకు కడిగినట్టు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడిగింది. కడుగుతూనే చెప్పింది. ఆ పొడిలో కోట్ల క్రిములున్నాయని, అవి వేళ్లకు అంటి, గొట్టం దారిలో నేరుగా అన్నయ్య నెత్తుట్లోకి పోయాయని.

వదిన నీళ్ల కింద చేతులు అలాగే ఉంచి ఆమె వంక చూసింది. "మంచివి అన్నావుగా?"

ఆ ఒక్క మాట చిట్టికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

పేగుల డాక్టరమ్మ గదిలో అప్పటికే వార్డు సిస్టరు ఉంది. చిట్టి నిలబడే చెప్పింది. దాచాలంటే దాచొచ్చు. గొట్టం ఎలాగూ తీసేస్తారు, మందు ఎలాగూ ఎక్కుతోంది. ఆ ఆలోచన ఒక్క క్షణం తలలో మెదిలిన మాట కూడా నిజమే. కానీ పొడి ఆగకపోతే మందు ఎంత ఎక్కించినా ఏం లాభం?

"ఎవరు రాశారు ఆ ప్యాకెట్లు? నా కాగితంలో లేవే!" అంది డాక్టరమ్మ.

"ఎవరూ రాయలేదు మేడమ్. నేనే కొనిచ్చాను. మిమ్మల్ని అడగలేదు."

సిస్టరు కంగారుగా అందుకుంది. "ల్యాబు మేడమ్ ఇచ్చారు కదా, మిమ్మల్ని అడిగే ఇచ్చుంటారనుకున్నానండీ. మేడమ్ కన్నా క్రిముల సంగతి మాకెక్కువ తెలుసా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోప్పడుతుందని చిట్టి ఎదురుచూసింది. ఆమె కోప్పడలేదు. దానికే ఇంకా భయమేసింది.

"కంచే చేను మేసింది మేడమ్," అంది చిట్టి.

"కంచె తప్పేం లేదు. చేను చుట్టూ ఉండాల్సిన కంచెని తీసుకెళ్లి పడగ్గదిలో పాతాం. పేగులో ఉన్నంతసేపు ఆ ఈస్ట్ మనకి చుట్టం. కాస్త మేలు చేస్తుంది, పని కాగానే బయటికి పోతుంది. మామూలు మనిషి తాగితే ఏ బెంగా లేదు. కానీ మెడలో గొట్టం ఉన్నవాళ్ల దగ్గర ఆ ప్యాకెట్ విప్పనే కూడదు. పేగు గోడ దెబ్బతిన్నవాళ్లకీ, ఒంట్లో సత్తువ లేనివాళ్లకీ ఇవ్వాలంటే పదిసార్లు ఆలోచించాలి. సిస్టర్, గొట్టం తీసేద్దాం. ఇప్పుడే."

గొట్టం తీస్తుండగా చిట్టి జేబులో ఫోను మోగింది. కింది నుంచి సహాయకురాలు.

"మేడమ్, ఇంకో సీసా కూసింది. అదే వార్డు. మీ అన్నయ్యగారి పక్క మంచం. పలక మీద చూశాను. అవే మొగ్గలు."

పక్క మంచంలో ఉన్నది ఒక ముసలాయన. టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకూ మెడలో గొట్టముంది. ఆయన ఆ పొడి ఒక్క పలుకు కూడా మింగలేదు. ఆయన మంచం దగ్గర ఎవరూ ప్యాకెట్ విప్పలేదు.

"వదినా, తాతగారికి ప్యాకెట్ ఏమైనా ఇచ్చావా?"

"లేదమ్మా, ఒట్టు. ఆయన కూతురు మధ్యాహ్నం పూట ఆఫీసుకి వెళ్తుంది. పాపం దిండు జారిపోతే సర్దాను. గొట్టం చిక్కుపడితే..." వదిన తన చేతుల వైపు చూసుకుంది. మాట మధ్యలోనే తెగిపోయింది. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాల్లోనే పట్టుకుని నిలబడింది. "చిట్టీ, నేను ఆయన్ని చంపేశానా?"

"నువ్వు కాదు. నేను."

సాయంత్రం ముసలాయన కూతురు వచ్చింది. డాక్టరమ్మ చెప్తానన్నా వినకుండా చిట్టి తనే వరండాలోకి తీసుకెళ్లి మొత్తం చెప్పింది. ఆ అమ్మాయి భుజాన సంచి కూడా దించకుండా విన్నది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం తెల్లబడింది.

"మా నాన్న మీకేం అవుతాడు?"

"ఏమీ కారు."

"మరి మా నాన్నకి మంచి చేయమని మిమ్మల్ని నేనడిగానా? మీ వాళ్లని అడిగానా?" గొంతు పెంచలేదు. "ఇన్నేళ్లు క్రిములతోనే పనిచేస్తున్నారుగా. నాలాంటి దానికి తెలియకపోవచ్చు. మీకు తెలియకపోవడమేంటి?"

చిట్టి తలవంచుకుని నిలబడింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆమెకు సరిగా గుర్తులేదు. డాక్టరమ్మ ఫంగస్ మందు మార్చి ఇంకా గట్టిది పెట్టింది. అన్నయ్యకు రెండు రోజులు జ్వరం దిగలేదు. చేతి నరానికి సూది పెట్టి మందు ఎక్కించారు. మూడో రోజు మధ్యాహ్నం చెమటలు పట్టి ఒళ్లు చల్లబడింది. అతను కళ్లు తెరిచి, మంచం కాళ్ల దగ్గర కూర్చున్న చెల్లెల్ని చూశాడు. వదిన అప్పటికే అన్నీ చెప్పేసింది.

"ఏమే చిట్టీ, రొట్టెల్లో వేసేది నాలో వేశావట. ఇంకాసేపుంటే పొంగేవాణ్ణేమో?"

చిట్టి నవ్వబోయి ఏడ్చింది. చిన్నప్పటి నుంచి అన్నయ్య ముందు ఏడవడం అలవాటు లేని మనిషి. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకోవే. నేను మూడు రోజులు నొప్పిని గ్యాసన్నాను. తెలివి మన వంశంలోనే తక్కువ," అన్నాడు అతను.

ముసలాయన అంత తేలిగ్గా బయటపడలేదు. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆయన నెత్తురు సీసాను చిట్టి రోజూ తన చేత్తోనే యంత్రంలో పెట్టేది. ఆరో రోజు పెట్టిన సీసా ఇక కూయలేదు. పదకొండో రోజు ఆయన్ని చక్రాల కుర్చీలో ఇంటికి తీసుకెళ్లారు. కూతురు వదిన వైపు గానీ చిట్టి వైపు గానీ ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన మాత్రం చెయ్యి ఎత్తి ఊపాడు. ఆయనకు సంగతి చెప్పారో లేదో ఎవరికీ తెలియదు.

అన్నయ్యకు జ్వరమైతే తగ్గింది గానీ విరేచనాలు కట్టలేదు. ప్రమాదకరమైన క్రిమి ఏదీ లేదని పరీక్షల్లో తేలింది. మరేం మందు ఇస్తారని వదిన భయం భయంగా అడిగింది. ఇప్పుడామె ఏ పొట్లం చూసినా రెండడుగులు వెనక్కి వేస్తోంది.

"మందు కాదమ్మా, తిండి. ఆయనకి కాదు, ఆయన పేగులో మిగిలినవాళ్లకి," అంది డాక్టరమ్మ.

"ఇంకా మిగిలారా?" అన్నాడు అన్నయ్య. "నా పొట్ట మనుషులు వదిలేసిన ఊరైందనుకున్నాను."

"కొంతమంది ఎప్పుడూ మిగులుతారు. ఆకలితో ఉన్నారంతే. మనం తినేదాంట్లో పీచు మనకి అరగదు. పెద్దపేగు దాకా అలాగే దిగుతుంది. అదే వాళ్లకి భోజనం. ప్రీబయాటిక్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, సంగతి ఇంతే. వాళ్లు అది తిని పుల్లటి పదార్థాలు వదులుతారు. పేగు గోడ వాటిని తిని బలపడుతుంది. బయటి నుంచి చుట్టాల్ని తెచ్చే ముందు, ఇంట్లో ఉన్నవాళ్లకి అన్నం పెట్టాలి కదా?"

ముందు చెంచాడు ఓట్స్ జావ. రెండు రోజులాగి, పూర్తిగా పండని అరటిపండు సగం. ఆ తర్వాత మెత్తగా ఉడికిన ఉల్లిపాయ. తొందరపడొద్దని డాక్టరమ్మ చెప్తూనే ఉంది. ఇంటికొచ్చాక అన్నయ్య ఆమె మాట పెడచెవిన పెట్టి ఒక పూట గిన్నెడు చిక్కుడు గింజలు తిన్నాడు. ఆ సాయంత్రమంతా అతని కడుపు నగారాలా మోగింది. వదిన హడలిపోయి చిట్టికి ఫోను చేసింది. ఈసారి చిట్టి, "నన్నడగొద్దు వదినా, డాక్టరమ్మనే అడుగు. నంబరిస్తాను," అంది. అలా అనడం ఆమెకు జీవితంలో అదే మొదలు.

నెల తిరిగేసరికి విరేచనాలు కట్టాయి. పెరుగు తినొచ్చా అని వదిన అడిగితే డాక్టరమ్మ నవ్వి, "హాయిగా తినమనండి, మెడలో గొట్టం లేదుగా," అంది. అయినా మొదటి గిన్నె ముందు వదిన చాలాసేపు కూర్చుంది. చెంచా ఎత్తడానికి చెయ్యి రాలేదు. చివరికి అన్నయ్యే లాక్కుని తిన్నాడు.

ఈలోగా ఆస్పత్రి చిట్టికి హెచ్చరిక ఉత్తరం ఇచ్చింది. ఇరవై రెండేళ్లలో అది మొదటి మచ్చ. ఆమె సంతకం పెట్టి, ఒక్కటే కోరింది. నర్సులందరి ముందు జరిగింది జరిగినట్టు చెప్పనివ్వమంది.

సమావేశం గదిలో నలభై మంది కూర్చున్నారు. చిట్టి కాగితం లేకుండా నిలబడి చెప్పింది. ప్యాకెట్ ఎవరు కొన్నారో, ఎవరు విప్పారో, పొడి ఎక్కడ వాలిందో, రెండో మంచానికి ఎలా చేరిందో, ఏదీ దాచలేదు. ప్రోబయాటిక్ చెడ్డదని చెప్పలేదు. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ విప్పాలన్నదే చెప్పింది. మొదట్లో వెనక వరసల్లో గుసగుసలు వినిపించాయి. తర్వాత అవి ఆగిపోయాయి.

ముగించి, "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అంది.

మూడో వరసలో ఒక నర్సు లేచింది. ఐసీయూలో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఎవరైనా తడబడితే ధైర్యం చెప్పే మనిషి. ఆమె పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"మేడమ్, మా దగ్గర అయిదుగురికి మెడలో గొట్టాలున్నాయి. ఆరో ఆయనకి ఆ పొడి రాసిచ్చారు. ఆయనకి గొట్టం లేదు. పొద్దున ఆయన మంచం దగ్గరే విప్పి కలిపాను. మూడేళ్లుగా అలాగే కలుపుతున్నాం. ఎవరూ వద్దనలేదు."

కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వార్డు సిస్టరు, ఆమె వెనక ఆ నర్సు, ఆ వెనక చిట్టి పరుగెత్తారు. మంచాలు దూరం జరిపారు. దుప్పట్లు మార్చారు. అయిదుగురి మెడల దగ్గరా ప్లాస్టర్లు తీసి, శుభ్రం చేసి కొత్తవి వేశారు. నెత్తురు తీసి అయిదు సీసాలు నింపారు. చిట్టి వాటిని రెండు చేతులా పొదివి పట్టుకుని కిందికి మోసుకెళ్లి యంత్రంలో పెట్టింది.

అయిదు రోజులు చూసింది. ఒక్కటీ కూయలేదు.

ఆ వారమే ఆస్పత్రిలో నియమం మారింది. గొట్టాలున్నవాళ్లు ఉండే వార్డులో ఆ పొడి విప్పకూడదు. మందుల గదిలో, తొడుగులు వేసుకుని కలిపి, మూత పెట్టిన గ్లాసులోనే వార్డుకు పంపాలి. చిట్టి ఆ అయిదు సీసాలనూ యంత్రంలోంచి తీసి పారేసే బుట్టలో వేసింది. తొడుగులు విప్పి, సబ్బు తీసుకుని, కుళాయి కింద మోచేతుల దాకా చాలాసేపు రుద్దుకుంటూ నిలబడింది. ఈ మూడేళ్లలో ఎవరికైనా అంతుచిక్కని జ్వరం వచ్చి పోయి ఉంటే, అది ఇప్పుడు ఏ సీసాలో వెతకాలో ఆమెకు తెలియలేదు.